ఛార్జ్ కంట్రోలర్ కొనేముందు వేయాల్సిన లెక్క

సోలార్ ప్యానెళ్లు ఎన్నో, బ్యాటరీ ఎంతో తేలిపోయాక, రెండింటి మధ్య ఉండి చార్జింగ్‌ను అదుపు చేసే పరికరంగా "ఇక ఒక 40 ఆంపియర్ల కంట్రోలర్ తెచ్చి బిగిస్తే సరి" అనుకోవడం మామూలే. డబ్బా మీద పెద్దక్షరాల్లో కనిపించేది ఆంపియర్లే కాబట్టి అందరి కన్నూ దాని మీదే పడుతుంది. కానీ ఎంపీపీటీ (ప్యానెల్ నుంచి గరిష్ఠ పవర్ రాబట్టే రకం) కంట్రోలర్లు ఎక్కువగా కాలిపోయేది ఆంపియర్ల వల్ల కాదు, వోల్టేజీ వల్ల. అదీ మిట్టమధ్యాహ్నం ఎండలో కాదు, చలికాలం తెల్లవారుజామున. మరోవైపు, కాలిపోకుండా నిక్షేపంగా ఉంటూనే బ్యాటరీని ఎప్పుడూ పూర్తిగా నింపని కంట్రోలర్లూ ఉంటాయి. వాటి సమస్య వేసవి మధ్యాహ్నాల్లో బయటపడుతుంది. ఈ రెండు కొసలూ లెక్క చూసుకున్నాకే ఆంపియర్ల జోలికి వెళ్లాలి.

ముందు దగ్గర పెట్టుకోవాల్సిన అంకెలు

ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద నాలుగు అంకెలుంటాయి. వైర్లు దేనికీ కలపనప్పుడు వచ్చే ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీని వీఓసీ అంటారు. గరిష్ఠ పవర్ ఇచ్చేటప్పుడు ఉండే వోల్టేజీ వీఎంపీ, అప్పుడు పారే కరెంటు ఐఎంపీ. రెండు వైర్లు షార్ట్ చేస్తే వచ్చే కరెంటు ఐఎస్‌సీ. ఇవన్నీ సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పటి కొలతలు. ఇంటికప్పు మీద ప్యానెల్ సరిగ్గా 25 డిగ్రీల దగ్గర ఉండేది చాలా తక్కువ సేపు. అందుకే ఐదో అంకె కావాలి: ఒక్కో డిగ్రీకి వీఓసీ ఎంత శాతం మారుతుందో చెప్పే టెంపరేచర్ కోఎఫిషియెంట్. ఇది డేటాషీట్‌లో దొరుకుతుంది. సిలికాన్ ప్యానెళ్లకు సాధారణంగా మైనస్ 0.25 నుంచి మైనస్ 0.33 శాతం మధ్య ఉంటుంది.

బ్యాటరీ వైపు నుంచి దాని రకం, బ్యాంక్ (కలిపి వాడే బ్యాటరీల సమూహం) వోల్టేజీ, ఆంపియర్-అవర్లు కావాలి. ఇక మీ ఊళ్లో పదేళ్లలో ఎప్పుడైనా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత తెలియాలి. సగటు పనికిరాదు. కంట్రోలర్ చావడానికి ఒక్క ఉదయం చాలు.

ఇక్కడ ఒక నమూనా తీసుకుందాం: 440 వాట్ల ప్యానెళ్లు మూడు, వీఓసీ 49.5, వీఎంపీ 41.5, ఐఎస్‌సీ 11.3, ఐఎంపీ 10.6, కోఎఫిషియెంట్ మైనస్ 0.28 శాతం. బ్యాటరీ 24 వోల్టులు, 400 ఆంపియర్-అవర్ల ట్యూబ్యులార్ (లెడ్ యాసిడ్‌లో ఒక రకం) బ్యాంక్. కనిష్ఠ ఉష్ణోగ్రత 5 డిగ్రీలు.

పీడబ్ల్యూఎం చాలా, ఎంపీపీటీ కావాలా

పీడబ్ల్యూఎం కంట్రోలర్ లోపల ఉండేది నిజానికి ఒక వేగమైన స్విచ్. అది ప్యానెల్‌ను నేరుగా బ్యాటరీకి కలుపుతుంది, బ్యాటరీ నిండే కొద్దీ కలపడం తగ్గిస్తుంది. కలిపి ఉన్నంతసేపూ ప్యానెల్ వోల్టేజీ బ్యాటరీ వోల్టేజీ దగ్గరికి దిగిపోతుంది. కరెంటు మాత్రం ప్యానెల్ ఇచ్చేంతే. పై 440 వాట్ల ప్యానెల్‌ను పీడబ్ల్యూఎం ద్వారా 12 వోల్టుల బ్యాటరీకి కలిపితే 11 ఆంపియర్లు, 13 వోల్టులు, అంటే సుమారు 143 వాట్లు. మూడింట రెండొంతులు గాలికి పోయినట్టే. అదే ప్యానెల్‌ను 24 వోల్టుల బ్యాటరీకి కలిపినా 286 వాట్ల దగ్గరే ఆగిపోతుంది.

ఎంపీపీటీలో ఒక ఇండక్టర్ కాయిల్‌తో డీసీ-డీసీ కన్వర్టర్ ఉంటుంది. ప్యానెల్‌ను దాని వీఎంపీ దగ్గరే పనిచేయించి, ఎక్కువ వోల్టేజీని ఎక్కువ కరెంటుగా మార్చి బ్యాటరీకి ఇస్తుంది. మంచి వాటిలో ఈ మార్పిడిలో పోయేది 2 నుంచి 6 శాతం.

అయితే పీడబ్ల్యూఎం పాతబడిన సరుకని కొట్టిపారేయక్కర్లేదు. 36 సెల్స్ ప్యానెల్ వీఎంపీ సుమారు 18 వోల్టులు, 12 వోల్టుల బ్యాటరీకి సరిగ్గా జోడీ. వేడి ప్రాంతంలో ఎండకు ఆ 18 కాస్తా 15కు దిగుతుంది, బ్యాటరీ 14.4 అడుగుతుంది. ఇక ఎంపీపీటీ వచ్చి మిగిల్చేది ఏముంటుంది? ఇలాంటి చోట తేడా 5 నుంచి 10 శాతానికి మించదు. నాలుగు లైట్లు, ఒక ఫ్యాన్, 200 వాట్ల లోపు 36 సెల్స్ ప్యానెల్ ఉంటే పీడబ్ల్యూఎం చాలు. మిగిలిన డబ్బు బ్యాటరీ మీద పెట్టడం మంచిది. ఎక్కువ భాగాలు లేవు కాబట్టి చెడిపోయేవీ తక్కువే.

ఎంపీపీటీ తప్పనిసరి అయ్యేది ఎప్పుడంటే: ప్యానెల్ ఇంటికప్పుల మీద వాడే పెద్ద సైజుది అయినప్పుడు, ప్యానెళ్లను సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి, వోల్టేజీలు కూడేలా) కలిపేటప్పుడు, ప్యానెల్‌కూ కంట్రోలర్‌కూ దూరం ఎక్కువున్నప్పుడు, లేదా చలి ప్రాంతంలో. మన నమూనాలో ఆలోచించాల్సిందే లేదు, ఎంపీపీటీయే.

చలి లెక్క

సిలికాన్ సెల్ చల్లబడితే వోల్టేజీ పెరుగుతుంది. రాత్రంతా చలిలో ఉన్న ప్యానెల్ మీద తొలి వెలుగు పడగానే వీఓసీ దాదాపు పూర్తిగా వచ్చేస్తుంది. వోల్టేజీకి గట్టి ఎండ అక్కర్లేదు, కరెంటుకే అది కావాలి. ఆ నిమిషంలో కంట్రోలర్ ఇంకా లోడ్ తీసుకోవడం మొదలుపెట్టి ఉండదు కాబట్టి ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్‌లోనే ఉంటుంది. ఏడాది మొత్తంలో కంట్రోలర్ చూసే అతి పెద్ద వోల్టేజీ అదే.

25 నుంచి 5 డిగ్రీలకు తేడా 20. దాన్ని 0.28తో గుణిస్తే 5.6 శాతం. 49.5 వోల్టుల ప్యానెల్ ఆ ఉదయం 52.3 వోల్టులు ఇస్తుంది. ఇప్పుడు సిరీస్‌లో కలిపి చూడండి.

రెండు సిరీస్‌లో పెడితే స్టిక్కర్ ప్రకారం 99 వోల్టులు. 100 వోల్టుల కంట్రోలర్‌కు సరిపోతుందనిపిస్తుంది. చలిలో అది 104.5. మూడు సిరీస్‌లో పెడితే స్టిక్కర్ ప్రకారం 148.5, "150 వోల్టుల కంట్రోలర్ ఉందిగా" అనిపిస్తుంది. చలిలో అది 156.8. రెండు చోట్లా కంట్రోలర్ మొదటి వేసవిలో బ్రహ్మాండంగా పనిచేసి, మొదటి చలికాలంలో చనిపోతుంది. అమ్మినవాళ్లు వారంటీ కూడా ఇవ్వరు, ఎందుకంటే కొన్ని కంట్రోలర్లు తాము చూసిన గరిష్ఠ వోల్టేజీని మెమరీలో దాచుకుంటాయి.

కోఎఫిషియెంట్ దొరక్కపోతే, చలి సున్నా కంటే కిందికి దిగని చోట వీఓసీని 1.1తో, గడ్డకట్టే చోట 1.2తో గుణించండి. వచ్చిన అంకె కంట్రోలర్ గరిష్ఠ ఇన్‌పుట్ కంటే ఇంకో 5 శాతం కిందే ఉంటే నిశ్చింత. ఈ పరిమితిని ఒక్క వోల్టు కూడా దాటనివ్వకూడదు. లోపల ఉన్న మాస్‌ఫెట్లూ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్లు) కెపాసిటర్లూ ఆ వోల్టేజీకే తయారైనవి, ఫ్యూజు వాటిని కాపాడలేదు.

కొన్ని డేటాషీట్లలో రెండు పరిమితులు కనిపిస్తాయి, కనిష్ఠ ఉష్ణోగ్రతలో ఒకటి, 25 డిగ్రీలలో ఇంకొకటి. ఉదాహరణకు 150, 138 అని ఉంటే, చలి లెక్క వేసి తెచ్చిన అంకెను 150తో పోల్చాలి, స్టిక్కర్ అంకెను 138తో పోల్చాలి. వీటిని తారుమారు చేయకండి.

ఎండ లెక్క

ఎండలో గాలి లేకుండా ఉన్న ప్యానెల్ సెల్ 65 డిగ్రీలకు సులభంగా చేరుతుంది. అప్పుడు వీఎంపీ పడిపోతుంది, అదీ వీఓసీ కంటే కాస్త ఎక్కువ వేగంగా, డిగ్రీకి 0.35 నుంచి 0.45 శాతం దాకా. 40 డిగ్రీల పెరుగుదలకు సుమారు 14 నుంచి 18 శాతం అనుకోవచ్చు.

ఇక్కడ చాలామంది పడే గుంట 60 సెల్స్ ప్యానెల్. దాని వీఎంపీ 31 వోల్టులు. "24 వోల్టుల బ్యాటరీకి 31 చాలదా" అనిపిస్తుంది. ఎండలో 16 శాతం తీసేస్తే 26 వోల్టులు మిగులుతాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండాలంటే 28.8 కావాలి. ఒక్కొక్క 60 సెల్స్ ప్యానెల్‌ను పారలల్‌లో (ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్, కరెంటు మాత్రమే కూడేలా) ఎన్ని కలిపినా ఆ బ్యాటరీ ఎప్పటికీ నిండదు. కంట్రోలర్‌ను మార్చినా లాభం లేదు, ఎందుకంటే సాధారణ ఎంపీపీటీ వోల్టేజీని దించగలదే కానీ పెంచలేదు. పైగా వాటిలో కొన్ని ఉదయం పని మొదలుపెట్టాలంటే ప్యానెల్ వోల్టేజీ బ్యాటరీ కంటే 5 వోల్టులు ఎక్కువుండాలి. రెండేసి సిరీస్‌లో పెడితే సమస్య తీరిపోతుంది.

మన 41.5 వోల్టుల ప్యానెల్ ఎండలో 35 దగ్గరికి దిగుతుంది. 28.8కి మించే ఉంది కాబట్టి ఒక్కొక్కటి పారలల్‌లో పెట్టినా 24 వోల్టులకు పని జరుగుతుంది. 48 వోల్టుల బ్యాంక్‌కు అయితే రెండు సిరీస్ తప్పదు. అలాగని సిరీస్ వోల్టేజీని ఎంత పెంచితే అంత మంచిదని కాదు. బ్యాటరీ వోల్టేజీకి నాలుగైదు రెట్లు ఎత్తు నుంచి దించాల్సి వస్తే కన్వర్టర్ ఎక్కువ వేడెక్కుతుంది. ఎండ వేడిలో వీఎంపీ బ్యాటరీ వోల్టేజీకి ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్ల మధ్య ఉంటే హాయిగా నడుస్తుంది.

ఇప్పుడు ఆంపియర్లు

ఎంపీపీటీకి ప్యానెళ్ల మొత్తం వాట్లను బ్యాటరీ చార్జవుతున్నప్పటి తక్కువ వోల్టేజీతో భాగించాలి. 1320 వాట్లను 25తో భాగిస్తే 52.8 ఆంపియర్లు. 60 ఆంపియర్ల కంట్రోలర్ సరిపోతుంది. డబ్బా మీద "40 ఆంపియర్లు, 520/1040 వాట్లు" అని రాసి ఉంటే అది ఇదే లెక్క: 40ని 13తో, 26తో గుణించారు. మొదటిది 12 వోల్టుల బ్యాటరీకి, రెండోది 24కి. అదే కంట్రోలర్ 12 వోల్టుల ఇంట్లో సగం ప్యానెళ్లనే మోస్తుందని దీని అర్థం. ప్యానెళ్లు 600 వాట్లు దాటుతున్నాయంటే 24 వోల్టుల బ్యాంక్ గురించి ఆలోచించడానికి ఇదొక పెద్ద కారణం.

ఆంపియర్లు కాస్త తక్కువైతే? వోల్టేజీ లాగా ఇది ప్రాణం తీయదు. మంచి ఎంపీపీటీ తన పరిమితి దగ్గర ఆగిపోయి మిగతా పవర్‌ను తీసుకోదు, అంతే. మబ్బులు ఎక్కువుండే చోట కావాలనే 20, 30 శాతం ఎక్కువ ప్యానెళ్లు పెట్టడం మంచి పద్ధతి కూడా. మిట్టమధ్యాహ్నం కొంత పోయినా ఉదయం, సాయంత్రం, ముసురు రోజుల్లో లాభం. అయితే గరిష్ఠ ఇన్‌పుట్ షార్ట్ సర్క్యూట్ కరెంటు అని డేటాషీట్‌లో వేరే అంకె ఉంటుంది, ప్యానెళ్ల మొత్తం ఐఎస్‌సీ దాన్ని దాటకూడదు. దాటితే, ఎప్పుడైనా ప్లస్ మైనస్ తారుమారు చేసి కలిపినప్పుడు కంట్రోలర్ తట్టుకోలేదు.

పీడబ్ల్యూఎంకు ఈ వెసులుబాటు లేదు. దానికి మొత్తం ఐఎస్‌సీని 1.25తో గుణించి, ఆపై ఉన్న సైజు తీసుకోవాలి. మబ్బు అంచు నుంచి సూర్యుడు తొంగిచూసేటప్పుడు కరెంటు స్టిక్కర్ అంకెను దాటుతుంది, ఆ పావు వంతు దానికోసమే.

బ్యాటరీ ఎంత మింగగలదో కూడా చూడాలి. ట్యూబ్యులార్ బ్యాటరీకి దాని ఆంపియర్-అవర్లలో 10 నుంచి 15 శాతం కరెంటు ఆరోగ్యకరం. 400కి 53 ఆంపియర్లంటే 13 శాతం, బాగుంది. అదే బ్యాంక్ 200 ఆంపియర్-అవర్లదే అయితే 53 ఆంపియర్లు ఎక్కువైపోతాయి, బ్యాటరీ వేడెక్కి నీళ్లు తాగుతుంది. అప్పుడు గరిష్ఠ చార్జింగ్ కరెంటును సెట్ చేసుకునే వీలున్న కంట్రోలర్ కావాలి.

మన నమూనాకు ఏం కొనాలి

మూడూ సిరీస్ పెడితే 156.8 వోల్టులు, కాబట్టి 200 లేదా 250 వోల్టుల కంట్రోలర్ కావాలి. మూడూ పారలల్ పెడితే 52.3 వోల్టులే, 100 వోల్టులు, 60 ఆంపియర్ల కంట్రోలర్ చాలు. కాకపోతే ఇంటికప్పు నుంచి కిందికి దాదాపు 32 ఆంపియర్లు మోయాలి, వైరు లావు పెరుగుతుంది. పారలల్‌లో మూడు లేదా అంతకంటే ఎక్కువ వరసలుంటే ప్రతి వరసకూ ఫ్యూజు పెట్టాలి. ఒక ప్యానెల్ షార్ట్ అయితే మిగతా రెండూ కలిసి 22.6 ఆంపియర్లు అందులోకి తోస్తాయి. చాలా ప్యానెళ్ల వెనక గరిష్ఠ ఫ్యూజు 20 ఆంపియర్లనే రాసి ఉంటుంది. మా సలహా: నాలుగో ప్యానెల్ పెట్టుకునే ఉద్దేశం ఉంటే 150 వోల్టులు, 70 లేదా 80 ఆంపియర్ల కంట్రోలర్ కొని, రెండేసి సిరీస్‌గా రెండు వరసలు వేయండి. చలిలో 104.5 వోల్టులు, రెండే వరసలు కాబట్టి వరస ఫ్యూజుల అవసరమూ లేదు.

చెట్టు నీడో, నీళ్ల ట్యాంకు నీడో ఒక ప్యానెల్ మీద రోజూ పడేట్టుంటే దాన్ని సిరీస్‌లో ఇరికించకండి. తూర్పు వాలుకు కొన్ని, పడమర వాలుకు కొన్ని పెడితే ఒక్కో వాలుకు ఒక్కో చిన్న కంట్రోలర్ పెట్టి, రెండింటి అవుట్‌పుట్‌నూ ఒకే బ్యాటరీకి కలపవచ్చు. ఒకే ప్యానెల్ వరసను రెండు కంట్రోలర్లకు పంచడం మాత్రం కుదరదు.

బ్యాటరీ సెట్టింగులు

సెట్టింగులు మార్చుకోలేని కంట్రోలర్ ఎంత చవకైనా వద్దు. 12 వోల్టులకు ఈ అంకెలు గుర్తుంచుకుంటే 24కి రెట్టింపు, 48కి నాలుగింతలు చేసుకోవచ్చు. నీళ్లు పోసే లెడ్ యాసిడ్‌కు అబ్జార్ప్షన్ (పూర్తిగా నింపే దశ వోల్టేజీ) 14.4 నుంచి 14.8, ఫ్లోట్ (నిండాక నిలబెట్టే వోల్టేజీ) 13.5 దగ్గర. జెల్‌కు అబ్జార్ప్షన్ 14.1, 14.2 దాటకూడదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కు 14.2, ఫ్లోట్ 13.5. బ్యాటరీ కంపెనీ వేరే అంకె ఇస్తే దాన్నే పాటించండి. ఈక్వలైజేషన్, అంటే అప్పుడప్పుడూ 15.5 దాకా తీసుకెళ్లి యాసిడ్‌ను కలియబెట్టడం, నీళ్లు పోసే బ్యాటరీలకే. జెల్, లిథియం బ్యాటరీలుంటే ఆ సెట్టింగ్ ఆఫ్‌లో ఉందో లేదో కళ్లారా చూసుకోండి. కొన్ని కంట్రోలర్లలో అది నెలకోసారి తనంతట తానే నడిచేలా వస్తుంది.

లెడ్ యాసిడ్‌కు టెంపరేచర్ సెన్సర్ వైరు కావాలి. 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకీ ఒక్కో సెల్‌కు 4 మిల్లీవోల్టుల చొప్పున, 12 సెల్స్ ఉన్న 24 వోల్టుల బ్యాంక్‌కు చార్జింగ్ వోల్టేజీ 48 మిల్లీవోల్టులు తగ్గాలి. బ్యాటరీ గది 40 డిగ్రీలు ఉంటే 28.8 కాస్తా 28.1 అవ్వాలి. ఈ సవరణ లేకపోతే ప్రతి వేసవీ బ్యాటరీని ఉడకబెట్టినట్టే. లిథియంకు ఈ సవరణను సున్నా చేయాలి. దానికి కావాల్సింది వేరు: సున్నా డిగ్రీల కింద చార్జింగ్ ఆపేయడం. అది బీఎంఎస్‌లో (లిథియం బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్) ఉందో కంట్రోలర్‌లో ఉందో తెలుసుకోండి.

ఆటో వోల్టేజీ గుర్తింపును నమ్ముకోవద్దు. బాగా డిశ్చార్జ్ అయిన 24 వోల్టుల బ్యాంక్‌ను 12 అనుకున్న కంట్రోలర్ తప్పుడు చార్జింగ్ మొదలుపెట్టవచ్చు. మెనూలో 24 అని ఖాయం చేయండి.

లోడ్ టెర్మినళ్లకు ఇన్వర్టర్ తగిలించడం మరో తరచు పొరపాటు. అవి 10, 20 ఆంపియర్ల డీసీ లైట్ల కోసం. ఇన్వర్టర్ లోపలి కెపాసిటర్లు ఆన్ చేసిన క్షణంలో లాగే కరెంటుకే ఆ స్విచ్ పోతుంది. ఇన్వర్టర్‌ను ఫ్యూజు పెట్టి నేరుగా బ్యాటరీకే కలపాలి.

పేరుకే ఎంపీపీటీ

పైన ఎంపీపీటీ అని ముద్రించి లోపల పీడబ్ల్యూఎం పెట్టిన డబ్బాలు బజారులో బోలెడు. 30 ఆంపియర్లని రాసి ఉండి, అరచేతిలో ఇమిడిపోతూ, అరకిలో కూడా తూగకపోతే అనుమానించండి. నిజమైన దాంట్లో రాగి కాయిల్, అల్యూమినియం హీట్‌సింక్ ఉంటాయి, చేతికి బరువు తెలుస్తుంది. గరిష్ఠ ప్యానెల్ వోల్టేజీ 50 అని మాత్రమే రాసి ఉన్నా సందేహించాల్సిందే. తేల్చుకోవాలంటే మల్టీమీటర్ చాలు. బ్యాటరీ సగం ఖాళీగా, ఎండ బాగా ఉన్నప్పుడు ప్యానెల్ టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ చూడండి. అది బ్యాటరీ వోల్టేజీకి అర వోల్టు అటూ ఇటూగా ఉంటే పీడబ్ల్యూఎం. 35, 40 దగ్గర నిలబడి, బ్యాటరీ వైపు కరెంటు ప్యానెల్ వైపు కరెంటు కంటే ఎక్కువగా ఉంటే ఎంపీపీటీ.

వైర్లు, బ్రేకర్లు, బిగించే చోటు

కంట్రోలర్ నుంచి బ్యాటరీకి వెళ్లే వైరు పొట్టిగా, లావుగా ఉండాలి. కంట్రోలర్ తన టెర్మినళ్ల దగ్గరి వోల్టేజీనే బ్యాటరీ వోల్టేజీ అనుకుంటుంది. రెండు మీటర్ల దూరంలో 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేసి 40 ఆంపియర్లు పంపితే దాదాపు 0.47 వోల్టులు వైరులోనే పోతాయి. బ్యాటరీ ఇంకా నిండకముందే కంట్రోలర్ నిండిందనుకుని కరెంటు తగ్గించడం మొదలుపెడుతుంది. 16 స్క్వేర్ ఎంఎం వేస్తే ఆ నష్టం 0.18కి దిగుతుంది. ఈ వైరుకు బ్యాటరీ ప్లస్ పక్కనే ఫ్యూజు పెట్టాలి, కంట్రోలర్ కరెంటుకు 1.25 రెట్లు: 40కి 50, 60కి 80 ఆంపియర్లు. వైరు ఆ ఫ్యూజు కంటే ఎక్కువ మోయగలగాలి.

ప్యానెల్ వైపు డీసీ బ్రేకరే వాడండి. ఇంట్లో వాడే ఏసీ బ్రేకర్ డీసీ ఆర్క్‌ను ఆర్పలేక లోపల కరిగిపోతుంది. డీసీ బ్రేకర్లలోనూ కొన్నింటికి ప్లస్ మైనస్ గుర్తులుంటాయి, తిప్పి బిగిస్తే అవీ కరుగుతాయి.

చవక పీడబ్ల్యూఎంలలో చాలావాటికి ప్యానెల్, బ్యాటరీ, లోడ్ ప్లస్‌లు లోపల కలిసి ఉంటాయి, మైనస్‌లు వేరు. అలాంటి దాంట్లో ప్యానెల్ మైనస్‌నూ బ్యాటరీ మైనస్‌నూ రెండింటినీ ఎర్త్‌కు కలిపితే, కంట్రోలర్ మధ్యలో ఉన్నా లేనట్టే. ప్యానెల్ నేరుగా బ్యాటరీకి చేరి, ఓవర్‌చార్జ్ అవుతుంది.

కంట్రోలర్‌ను గోడకు నిలువుగా, పైనా కిందా కనీసం 15 సెంటీమీటర్ల ఖాళీతో బిగించాలి. నీళ్లు పోసే బ్యాటరీ నెత్తిన మాత్రం వద్దు, ఆ ఆవిరికి టెర్మినళ్లు పచ్చగా తుప్పుపడతాయి, వెలువడే హైడ్రోజన్‌కు నిప్పురవ్వ చాలు. చాలా కంట్రోలర్లు 40, 45 డిగ్రీలు దాటితే కరెంటు తామే తగ్గించుకుంటాయి.

కలిపేటప్పుడు బ్యాటరీ ముందు, ప్యానెల్ తర్వాత. విప్పేటప్పుడు ప్యానెల్ ముందు, బ్యాటరీ తర్వాత. బ్యాటరీ లేకుండా ప్యానెల్ కలిపితే కొన్ని కంట్రోలర్లలో ప్యానెల్ వోల్టేజీ అదుపు తప్పి లోడ్ వైపు వచ్చేస్తుంది, 12 వోల్టుల బల్బులు ఢామ్మంటాయి.

ప్యానెల్ వైర్లు కంట్రోలర్‌లో దూర్చేముందు వాటి చివర్లలో వీఓసీ, ప్లస్ మైనస్ కొలవండి. బిగించిన మొదటి ఎండ రోజున బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర మీటర్ పెట్టి కంట్రోలర్ తెర మీది అంకెతో పోల్చండి. తేడా 0.2 వోల్టులు దాటితే ఏదో స్క్రూ వదులుగా ఉంది లేదా వైరు సన్నం. పది రోజుల తర్వాత స్క్రూలన్నీ మళ్లీ ఒకసారి బిగించండి, పోగుల రాగి వైరు నలిగి కాస్త సర్దుకుంటుంది.